ఉప్పు నిలవని కుండ

ఆ ఏడాది మొదటి గట్టి మంచు పడిన ఉదయం, ఆర్లీన్ భర్త పాత కోటు తొడుక్కుని, కత్తి పట్టుకుని పెరట్లోకి దిగింది. కొలార్డ్ అనే ఆకుకూర మొక్కలు మోకాలెత్తున బారులు తీరి ఉన్నాయి. విస్తరంత వెడల్పైన ఆకుల అంచుల మీద మంచు తెల్లగా మెరుస్తోంది. ఆ చలి తగిలితే గానీ ఆ ఆకుకి తీపి ఎక్కదు. అందుకే ఆ దీవిలో ఇంటింటా ఈ ఉదయం కోసమే కాచుకుని ఉంటారు. పెరటి వెనక ఉప్పుటేరులో పోటు తీసిపోయి, పర్ర నేల నల్లటి బురదగా బయటపడి ఉంది. అక్కడెక్కడో ఒక కొంగ ఒకే ఒక్కసారి అరిచి ఊరుకుంది.

కింది వరస ఆకులు విరిచి బుట్టలో వేసుకుంటూ ఆమె ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. వంటింటి కిటికీలోంచి ఎవరో తన చేతుల వైపే చూస్తున్నట్టనిపించింది. కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఈ పెరట్లో తన ఇష్టప్రకారం ఆకు కోసుకోవడం ఇదే మొదటిసారి కదా, ఆ జంకే ఇదంతా అని సర్దిచెప్పుకుంది.

నిజంగానే ఆమెకు ఇన్నేళ్ళూ ఆ అధికారం లేదు. సీఫస్‌ని చేసుకుని ఆ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. చేపలు వేయించడం, అన్నం వండటం, మొక్కజొన్న రొట్టె కాల్చడం అన్నీ ఆమె పనులే. కానీ పొయ్యి మీదికి ఆ నల్లటి ఇనప కుండ ఎక్కిందంటే మాత్రం వంటింట్లో అత్తగారు హెస్టర్ తప్ప ఇంకొకరు ఉండటానికి వీల్లేదు. ఆర్లీన్ ఆకుని ఇసక పోయేదాకా కడిగి, ఈనెలు తీసి అక్కడ పెట్టి బయటికి వచ్చేయాలి. తలుపు దగ్గరగా వేసేవారు. లోపల ఆవిడ మాంసాన్ని ఏం చేసేదో, ఎప్పుడు వేసేదో కోడలికి తెలీదు. వాసన మాత్రం దారిన పోయేవాళ్ళని కూడా నిలబెట్టేది. పెళ్ళైన రోజు నుంచీ ఆర్లీన్ ఆవిణ్ణి "మిస్ హెస్టర్" అనే పిలిచింది. అమ్మా అని పిలవమని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

ఆకులు రాలే కాలంలో హెస్టర్ నిద్రలోనే పోయింది. సవన్నా పట్నంలో ఉండే కూతురు వెర్డెల్ వచ్చింది. సీఫస్ కంటే చాలా పెద్దది, చెట్టంత మనిషి. తల్లిని మట్టి చేసిన మర్నాడే వెళ్ళిపోవాలని పెట్టె పట్టుకుని వరండా మెట్లు దిగుతూ పడిపోయి చీలమండ విరగ్గొట్టుకుంది. ఆ రోజు వాన లేదు. మెట్టు పొడిగానే ఉంది. ఎవరో వెనక నుంచి కోటు పట్టుకుని లాగినట్టయిందని ఆసుపత్రికి వెళ్తుంటే కారులో ఒక్కసారి అంది. తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కట్టు విప్పేదాకా ప్రయాణం వద్దన్నారు. దాంతో ఏ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదనుకుందో ఆ ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో, కాలు స్టూలు మీద పెట్టుకుని ఉండిపోయింది.

ఆ తల్లీకూతుళ్ళ గొడవ దీవిలో తెలియని వాళ్ళు లేరు. పందొమ్మిదేళ్ళప్పుడు వెర్డెల్ లూషియస్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. అతను శనివారం రాత్రుళ్ళు ఏటి అవతల సారా పాకల్లో గిటారు వాయించేవాడు. హెస్టర్ ప్రార్థన ఇంట్లో ముందు బల్ల మీద కూర్చునే మనిషి. వాడితో గడప దాటితే ఇక నా కుండలో కూడు నీకు లేదు పొమ్మంది. నువ్వు నోట్లో పెట్టినా తినను లెమ్మని కూతురూ అంది. ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. తండ్రి పోయినప్పుడు వచ్చి కూడా వెర్డెల్ కారులో కూర్చుని బిస్కెట్లు తిని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆర్లీన్ పెనం మీద వేయించిన చేప పెడితే తింటోంది, గుడ్డు ఉడకబెట్టి ఇస్తే తింటోంది. ఇనప కుండలో వండింది మాత్రం వద్దని ముందే చెప్పేసింది.

ఆర్లీన్ ఆ ఉదయం పొగబెట్టిన పంది కాలి ముక్కలు కుండలో వేసి నీళ్ళు పోసింది. ఉల్లిపాయ, ఎండుమిరపకాయ వేసింది. ముక్కలు మెత్తబడే వేళకి ఆకుల్ని చుట్టలు చుట్టి సన్నగా తరిగి గుప్పెళ్ళతో వేస్తూ వచ్చింది. కొండలా కనిపించిన ఆకు చూస్తుండగానే కుండ అడుక్కి దిగిపోయింది. మధ్యాహ్నానికి ఇల్లంతా వాసన కమ్ముకుంది. ఆ వాసనకి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళూ మూసిన తలుపు ఇవతల నిలబడి పీల్చిన వాసన అది.

సీఫస్ ఏటిలో పీతల బుట్టలు ఎత్తి వచ్చి, చేతులు కడుక్కుని ఆత్రంగా కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఇంకో ముద్ద పెట్టుకుని భార్య వైపు చూశాడు.

"ఆర్లీన్, మాంసం వెయ్యలేదా?"

"నీ చెంచాకి అడ్డం పడుతోందేమిటి మరి?"

"అయితే నా బీపీ అని చెప్పి దాన్ని నానేసి ఉప్పంతా పిండి పారబోశావు. చెప్పి చెయ్యొచ్చుగా."

ఆమె తనూ రుచి చూసింది. వాన నీళ్ళలా ఉంది. మాంసం ముక్క కొరికి చూసింది. నెలల తరబడి ఉప్పులో ఊరి, పొగలో ఆరిన మాంసం తడి గుడ్డ నమిలినట్టుంది. ఉప్పు డబ్బా తెచ్చి చెంచాడు వేసి కలిపింది. ఇంకో చెంచా వేసింది. కూర ఊటలో ఉప్పు కరగడం కళ్ళారా చూశారిద్దరూ. నాలుక మీద ఏమీ లేదు. అదే ఉప్పు చిటికెడు వేలితో అద్దుకుని నాకితే మాత్రం చురుక్కుమంటోంది. ఆకు ముదురై ఉంటుందని సీఫస్ ఏదో అన్నాడు. ఆ మాట తనకే నమ్మకంగా లేనట్టు మధ్యలో ఆపేసి, మిగిలింది కోళ్ళకి వెయ్యమన్నాడు. కోళ్ళు దగ్గరికి వచ్చి, మెడలు చాచి చూసి, వెనక్కి వెళ్ళిపోయాయి.

మర్నాడు పొద్దున వంటింట్లో కుర్చీ ఒకటి బల్ల దగ్గర నుంచి జరిగి పొయ్యి పక్కన ఉంది. సీఫస్ జరిపాడనుకుని ఆర్లీన్ దాన్ని తిరిగి బల్ల కిందికి నెట్టింది. ఆ పై ఉదయం మళ్ళీ పొయ్యి పక్కనే ఉంది. ఆమె అడిగితే తనకేం తెలీదన్నాడు. కుంటికాలితో ఆడపడుచు దాన్ని జరిపే అవకాశం లేదు. నాలుగైదు రోజులు అలా నెట్టి నెట్టి, చివరికి ఆర్లీన్ దాన్ని అక్కడే వదిలేసింది. పొయ్యి దగ్గర మసులుతున్నప్పుడు మాత్రం ఆ కుర్చీకి తగలకుండా పక్కకి ఒదిగి నడవడం మొదలుపెట్టింది. అందులో ఎవరో ఉన్నట్టు.

ఆదివారం ఆమె పంతం పట్టింది. ఈసారి ఉప్పు పట్టించిన పంది కొవ్వు పట్టీ తెచ్చింది. కడగకుండానే వేసింది. ప్రార్థనకి కూడా వెళ్ళకుండా కుండ ముందే నిలబడి, ఊటని చెంచాతో తీసి చూస్తూ ఉంది. మొదట్లో నాలుక మండేంత ఉప్పగా ఉంది. ఆకు వేసిన తరవాత కూడా ఉంది. కిటికీ బయట ఎండ ఉండగానే వంటింట్లో ఏదో చల్లబడింది. వాసన మారింది. పచ్చి మాంసం నీళ్ళలో ఉడికే వాసన పోయి, పెనం మీద ఒక పక్క నల్లగా మాడ్చిన మాంసం వాసన లేచింది. ఆమె గబగబా చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది. చప్పన.

పక్క గదిలోంచి వెర్డెల్ గొంతు వినిపించింది. "ఎవరు వండుతున్నారక్కడ?"

"నేనే వదినా."

వెర్డెల్ నెమ్మదిగా, "మాంసం ముందు మాడ్చావా?" అని అడిగింది.

"లేదు. నీళ్ళలోనే వేశాను. మాడ్చడం ఏమిటి?"

"అమ్మ ఒక పక్క బొగ్గయ్యేదాకా మాడ్చి అప్పుడు నీళ్ళు పోసేది. అది నీకు తెలీదు కదూ?"

ఆర్లీన్‌కి తెలీదు. కుండలోకి చూసింది. కొవ్వు పట్టీ తెల్లగా, మాడిన మచ్చ ఒక్కటి లేకుండా తేలుతోంది. వాసన మాత్రం తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పాకుతోంది. ఆ గది తలుపు లోపల నుంచి గట్టిగా మూసుకున్న చప్పుడైంది.

ఆ సాయంత్రం పొరుగున ఉండే ఫిబీ పెద్దమ్మ వచ్చింది. హెస్టర్‌తో కలిసి పెరిగిన మనిషి. దుష్టశక్తులు రాకుండా వరండా పైకప్పుకి ఏటేటా నీలం రంగు వేయించే మనిషి. ఆర్లీన్ ఏమీ చెప్పకుండా ఒక చెంచా కూర ఆవిడ నోటికి అందించింది. ఫిబీ పెద్దమ్మ మింగలేదు. జేబు రుమాలులో ఉమ్మేసి, మడిచి, చాలాసేపు పట్టుకుని కూర్చుంది. చచ్చిపోయిన వాళ్ళకి ఉప్పు పడదంది. వాళ్ళ చెయ్యి ఎందులో పడితే అందులోంచి ఉప్పు పారిపోతుందంది. హెస్టర్ ఈ కుండ వదిలిపెట్టి పోలేదని, ఎవరి కోసమో కాచుకుని ఉందని అంది.

"ఎవరి కోసం పెద్దమ్మా?"

ఆవిడ మూసిన తలుపు వైపు చూసి, ఆ సంగతి తను మాట్లాడేది కాదంది. వెళ్తూ వెళ్తూ, పంపించేయాలనుకుంటే మాత్రం వంటింటి గడప పొడుగునా రాతి ఉప్పు పొయ్యమని చెప్పింది. ఉప్పు గీత దాటి రాలేరట. "కానీ బాగా ఆలోచించుకో. అలా పంపితే మళ్ళీ రావడం ఉండదు" అంది.

ఆర్లీన్ రెండు మూడు రోజులు ఆలోచించింది. ఈలోగా అన్నంలో కూడా ఉప్పు తగ్గుతున్నట్టనిపించింది. గిన్నె కడుగుతుంటే చేతులు తనవి కానట్టు నెమ్మదించేవి. వేళ్ళు గిన్నె అంచుని తడిమి తడిమి చూసేవి. హెస్టర్ అలా తడిమేది. ఒకరోజు వెనక నుంచి వచ్చిన సీఫస్ "అమ్మా, నా టోపీ చూశావా" అని, తరవాత నాలుక కరుచుకుని నిలబడిపోయాడు. ఆర్లీన్ తిరిగి చూసింది. భర్త మొహంలో భయం ఉంటుందనుకుంది. భయం లేదు, ఆశ ఉంది. ఈ ఇంట్లో తను కొంచెం కొంచెంగా చెరిగిపోతున్నా వీళ్ళెవరికీ పట్టదనిపించింది.

శుక్రవారం ఏటి మీద నుంచి పొగమంచు లేచి ఇంటిని చుట్టేసింది. మధ్యాహ్నమే దీపాలు వేసుకోవలసి వచ్చింది. పొద్దున వండిన కూరని ఎప్పటిలా ఎవరూ ముట్టలేదు. పొయ్యి ఆర్పేసి, కుండ మీద మూత పెట్టేశారు. ఆర్లీన్ కొట్టు నుంచి తెచ్చిన రాతి ఉప్పు సంచీ మూతి విప్పి, వంటింటి గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గుప్పెడు తీసి పోయబోతుంటే సీఫస్ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"నా వంటిల్లు నేను కడుక్కుంటున్నాను."

"అది మా అమ్మ, ఆర్లీన్. వీధి కుక్క కాదు ఉప్పు చల్లి తరమడానికి."

"మీ అమ్మే. ఇరవై ఏళ్ళు ఈ తలుపు నా మొహం మీద వేసింది. పోనీలే, పెద్దావిడ అని ఊరుకున్నాను. పోయాక కూడా నా చేతి వంట నాకు దక్కనివ్వదా? మొన్న నన్ను చూసి అమ్మా అన్నావు. నేను కూడా వినీ విననట్టు ఊరుకోవాలా?"

సీఫస్ చెయ్యి వదల్లేదు. పొద్దున్నే లేవగానే ఆ వాసన వస్తే అమ్మ ఇంకా ఉందనిపిస్తోందని, ఆ కాస్త కూడా తీసెయ్యొద్దని అన్నాడు. అన్నం చప్పగా ఉన్నా తినగలను, ఇల్లు చప్పబడితే ఉండలేనన్నాడు. ఆ మాటకి ఆర్లీన్ ఇంకా మండిపడింది. నీ ఇల్లు చప్పబడకుండా ఉండటానికి నేను దెయ్యాన్ని కావాలా అని అడిగింది.

పక్క గది తలుపు తెరుచుకుంది. వెర్డెల్ చంకల కింద కర్రలు పెట్టుకుని నిలబడి ఉంది. కోటు వేసుకుంది. పెట్టె గోడవారన ఉంది.

"ఇక మీరిద్దరూ కొట్టుకోవద్దు. నేను వెళ్తాను. లూషియస్‌ని రమ్మని ఫోన్ చేశాను."

"వెళ్ళండి వదినా" అంది ఆర్లీన్ లేచి. కోపంలో మాట ఆగలేదు. "మీరు వచ్చిన దగ్గర్నుంచే ఇదంతా. ఆవిడ మీ కోసమే తిరుగుతోంది. మీరేమో తలుపేసుకుని కూర్చుంటారు. మీ ఇద్దరి పంతానికీ మధ్యలో నలిగింది నేను."

"నేను అడిగానా తిరగమని?" అంది వెర్డెల్. "బతికున్నన్నాళ్ళు ఒక్కసారి కబురు పంపిందా? ఒక్కసారి?"

కుండ మీద మూత చిన్నగా కదిలింది. ముగ్గురూ అటు తిరిగారు. పొయ్యి ఆర్పి చాలాసేపైంది. అయినా మూత అంచు నుంచి ఆవిరి సన్నగా లేస్తోంది. మాడిన మాంసం వాసన, ఉడికిన ఆకు తీపి వాసన, దట్టంగా, చెయ్యి చాస్తే తగిలేలా గదంతా నిండిపోయింది. మూత మళ్ళీ కదిలింది.

ఆర్లీన్ తన కాళ్ళు నడుస్తున్నాయని గమనించింది. తను నడవమనలేదు. మణికట్టు మీద నుంచి సీఫస్ చెయ్యి ఎప్పుడు జారిందో తెలీలేదు. గడప దగ్గర పడిన ఉప్పు రాళ్ళకి అడుగు తగలకుండా చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మూత తీసింది. గోడకి వేలాడే కొయ్య గరిటె అందుకుని, ఊట ముంచి, కింద అరచెయ్యి పట్టి, నెమ్మదిగా ఊదింది. తరవాత పొయ్యి పక్కనున్న ఆ ఖాళీ కుర్చీ వైపు, అక్కడ నిలబడిన ఎవరో చిన్నపిల్ల నోటికి అందించినట్టు, గరిటె చాచింది.

"సూకీ" అంది ఆమె నోరు. గొంతు ఆర్లీన్‌దే. అందులోని నిదానం మాత్రం ఆమెది కాదు. "చూసి చెప్పు."

సీఫస్ గోడకి ఆనుకున్నాడు. ఆ దీవిలో ప్రతి పిల్లకీ పుట్టగానే ఇంట్లో వాళ్ళు మాత్రమే పిలుచుకునే ముద్దుపేరు ఒకటి పెడతారు. వెర్డెల్ వెళ్ళిపోయాక ఆ పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆర్లీన్‌కి అది తెలిసే దారే లేదు.

వెర్డెల్ మొహంలో రక్తం లేదు. కర్రలు గట్టిగా పట్టుకుంది. మాట్లాడినప్పుడు చాలా చిన్నగా మాట్లాడింది.

"ఆ కుర్చీ మీద నన్ను నిలబెట్టేది" అంది తమ్ముడితో. చూపు మాత్రం గరిటె మీద నుంచి తీయలేదు. "అమ్మకి చిన్నప్పుడు జ్వరం వచ్చి నాలుక పోయింది. రుచి తెలీదు. ఎవరికీ చెప్పుకోలేదు. తలుపేసుకుని వండేది అందుకే. ఉప్పు నేను చూసి చెప్పేదాన్ని. నేను వెళ్ళాక ఎలా వండిందో నాకు తెలీదు."

"చేత్తో లెక్క పెట్టుకుని వేసేది" అన్నాడు సీఫస్ గొణుగుతున్నట్టు. "ఎప్పుడూ ఒకే కొలత. మేం బాగుందంటే మా మొహాల వైపు అదోలా చూసేది."

గరిటె ఇంకా చాచే ఉంది.

"అమ్మా, ఇన్నేళ్ళకి నాతో మాట్లాడ్డానికి నీకు ఇదా దొరికింది?" అంది వెర్డెల్. "తప్పయిందని అనలేవా? అంతకంటే సులువు కదా ఉప్పు చూడమని అడగడం." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "లూషియస్ మంచివాడమ్మా. ఒక్క పూట నన్ను ఏడిపించలేదు. గిటారు ఇప్పుడు చర్చిలో వాయిస్తున్నాడు. ఆ సంగతి చెప్పాలని ఎన్నిసార్లు ఫోన్ దాకా వెళ్ళానో. నేనూ నీ కూతుర్నే కదా, చెయ్యలేదు."

గరిటె వెనక్కి పోలేదు. ముందుకీ రాలేదు. పొగమంచు కిటికీ అద్దాన్ని ఆనుకుని లోపలికి చూస్తున్నట్టుంది. వెర్డెల్ ఒక కర్ర వదిలేసింది. అది నేల మీద పడి పెద్ద చప్పుడైంది. రెండోది ఆసరా చేసుకుని, కుంటుకుంటూ వచ్చి, ఆ కుర్చీలో కూర్చుంది. మొహం పైకెత్తి, చిన్నపిల్లలా నోరు తెరిచింది.

గరిటె ఆమె పెదవులకి తగిలింది.

మింగింది. కళ్ళు మూసుకుంది. "ఉప్పు లేదమ్మా" అంది. "అసలు లేదు."

"వెయ్యి మరి" అంది ఆర్లీన్ నోరు, అదే నిదానంతో.

గడప దగ్గర విప్పి ఉన్న సంచీలోంచి సీఫస్ గుప్పెడు ఉప్పు తెచ్చి అక్క చేతిలో పోశాడు. ఆమె కూర్చునే చెయ్యి చాచి కుండలో కొంచెం జల్లింది. ఆర్లీన్ చెయ్యి కలిపింది. మళ్ళీ గరిటె ముంచి, ఊది, అందించింది. వెర్డెల్ రుచి చూసి ఇంకాస్త అంది. ఇంకాస్త వేసింది. మూడోసారి నోట్లో పెట్టుకోగానే ఆమె భుజాలు కుంగిపోయాయి.

"సరిపోయింది" అంది. "సరిపోయిందమ్మా. ఇక చాలు."

ఏ చప్పుడూ కాలేదు. ఎవరో చాలాసేపు బిగపట్టిన ఊపిరి వదిలినట్టు గదిలో గాలి తేలికపడింది. మాడిన మాంసం వాసన పలచబడుతూ పలచబడుతూ పోయి, మామూలు కూర వాసన మిగిలింది. కుండ మీద ఆవిరి ఆగిపోయింది. ఆర్లీన్ తన చేతిలోని గరిటెని, ఇది నా చేతిలోకి ఎలా వచ్చిందన్నట్టు చూసుకుంది. సీఫస్ దాన్ని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

ఆ తరవాత వాళ్ళు తిన్నారు. చల్లారిన మొక్కజొన్న రొట్టె విరిచి ఊటలో ముంచుకుని, వెర్డెల్ తల ఎత్తకుండా తింది. ఏడుస్తూనే తింది. ఒక గిన్నె అయ్యాక ఇంకో గిన్నె పెట్టమంది. సీఫస్ ఎముక చుట్టూ ఉన్న మాంసం ఒలిచి అక్క గిన్నెలో వేశాడు. ఉప్పు ఉంది. నాలుక మీద నిలిచింది. ఆర్లీన్ ఒక్క ముద్ద కూడా పెట్టుకోకుండా లేచి, కోటు తొడుక్కుని, వెనక వాకిలి తీసుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది.

పొగమంచు విడిపోతోంది. ఏటిలోకి పోటు తిరిగి ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి వెనక కర్ర టకటకమంది. వెర్డెల్ చాలా అవస్థపడి, ఒక చేత్తో గిన్నె పట్టుకుని, ఆమె పక్కన మెట్టు మీద కూలబడింది.

ఆర్లీన్ అటు చూడకుండానే మాట్లాడింది. చేతి తొడుగులో చెయ్యి దూర్చినట్టు ఆవిడ తన చేతిలోకి దూరిందని చెప్పింది. చేతికి నొప్పి లేదని, చాలా జాగ్రత్తగానే పట్టుకుందని కూడా చెప్పింది.

"అదే నాకు ఏడుపొస్తోంది వదినా. ఇన్నేళ్ళలో మిస్ హెస్టర్ నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. అది కూడా మీ కోసం. నోటికి రుచి లేదన్న ముక్క నాకు చెబితే నేను చూసి చెప్పేదాన్ని కానా? పరాయిదాన్ని అనేగా తలుపేసింది?"

వెర్డెల్ గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ సిగ్గుపడేదని అంది. రుచి తెలీని మనిషి వండుతోందని కోడలికి తెలిస్తే ఆ కుండ లాక్కుంటుందని భయపడి ఉంటుందని అంది. "మా అమ్మకి భయం వేస్తే తలుపులేసుకునేది. నాకూ వేసింది కదా తలుపు."

"కావచ్చు. అడగడానికి ఆవిడ లేదు."

"లేదు" అని ఒప్పుకుంది వెర్డెల్. "కానీ ఒక్కటి చెప్తాను విను. సీఫస్ ఆవిడ కడుపున పుట్టినవాడు, అక్కడే నిలబడి ఉన్నాడు. నేనూ ఉన్నాను. ఫిబీ పెద్దమ్మ వచ్చి కూర్చుని పోయింది. మా అమ్మ ఎవరి చెయ్యి పడితే వాళ్ళ చెయ్యి ఆ కుండ మీద పడనిచ్చే మనిషి కాదు. నీ చెయ్యే పట్టుకుంది."

వెర్డెల్ గిన్నెలో చెంచా తిప్పి, ఊట తీసి, కింద అరచెయ్యి పట్టి ఆమె వైపు చాచింది.

"నాకిప్పుడు రుచి తెలీడం లేదు" అంది. "ఏడ్చి ఏడ్చి నోరంతా ఉప్పగానే ఉంది. సరిగ్గా ఉందో లేదో నువ్వు చూసి చెప్పు."

ఆర్లీన్ ఆ చెంచా వైపు చూసింది. తన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని అప్పుడు తెలిసింది ఆమెకి. చీదుకుని, కోటు చేతితో మొహం తుడుచుకుని, వంగి రుచి చూసింది. ఆకు మెత్తగా, తియ్యగా ఉంది. మాంసం ఊట అంతా పట్టింది. ఆమె తొందరపడలేదు. ఇంకో చెంచా అడిగి అది కూడా చూసింది.

"ఉప్పు సరిపోయింది" అంది. తరవాత కొంచెం తటపటాయించి, "కాస్త వెనిగర్ పడాలి. మిరపకాయలు నానేసింది" అంది.

"అమ్మ వెనిగర్ వెయ్యనిచ్చేది కాదు."

"తెలుసు."

ఇద్దరూ ఒకేసారి తిరిగి వంటింటి తలుపు వైపు చూశారు. ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సీఫస్ కుండ అడుగున గరిటెతో గీకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"అయితే తీసుకురా" అంది వెర్డెల్.

ఆర్లీన్ లేచి లోపలికి వెళ్ళింది.